జె.పి.ని వెన్నాడిన విదేశ హస్తం

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రసక్తి రాజధానిలో ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఫలానా స్వచ్ఛంద సంస్థ రిజిస్ట్రేషన్ రద్దయిందనో, మరొక సంస్థకు పునరుద్ధరణ లభించలేదనో హోం శాఖ నుంచి వార్త వెలువడుతుంది. రెండు రోజులు వాదోపవాదాలు జరుగుతాయి, మూడవ నాడు అందరూ మరచిపోతారు. ఈ చట్టానికి మాతృక 1976 నాటిది. అది అమలులోకి వచ్చినది ఆ సంవత్సరం ఆగస్టు 5న. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి నడుస్తున్నది. ప్రతిపక్ష నాయకులలో అనేకులు కారాగారాలలో ఉన్నారు, పత్రికలపై సెన్సారు ఉన్నది. పరాయి దేశాల ధనం మన రాజకీయాలను కలుషితం చేస్తున్నదని, విదేశ హస్తం దేశంలో అల్లర్లు రేపుతున్నదని ప్రభుత్వ పక్షం అంతకు రెండేళ్లుగా చేస్తూ వచ్చిన ప్రచారానికి ఆ శాసనం చట్టరూపం. ఆ ప్రచారపు వేలు ప్రధానంగా ఎవరివైపు చూపిందో నాటి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మనిషి జయప్రకాశ్ నారాయణ్. ఆ ఆగస్టులో ఆయన రెండు మూత్రపిండాలూ చెడిపోయి, డయాలిసిస్ యంత్రం ఆధారంతో బ్రతుకుతున్నారు.

జె.పి.ని గురించి మన పత్రికలలో వచ్చే వ్యాసాలు సాధారణంగా 1974లో మొదలై 1977లో ముగుస్తాయి. సంపూర్ణ విప్లవం, రాంలీలా మైదానం, జనతా విజయం, ఇంతే. నాకు మాత్రం ఆయన జీవితంలో ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ మూడేళ్లకు ముందున్న ఇరవై ఏళ్లు. పదవి కోరకుండా, పార్టీ లేకుండా, ప్రభుత్వానికి వెలుపల నిలబడి ప్రజల పని చేయడం సాధ్యమా, అందుకు కావలసిన డబ్బు ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు అన్న ప్రశ్నలు ఆయనకు ఆ కాలంలోనే ఎదురయ్యాయి. పౌర సమాజం అన్న మాట ఇంకా వాడుకలోకి రాని రోజులవి.

ఆయన జన్మించినది 1902 అక్టోబరు 11న, గంగా ఘాఘరా నదుల సంగమ ప్రాంతంలోని సితాబ్‌దియారా గ్రామంలో. నదులు గట్లు కోసుకొనిపోతూ ఆ ఊరి ఉనికినే మార్చివేస్తుంటాయి. బీహారుదా, ఉత్తరప్రదేశ్‌దా అన్న వివాదం కూడా ఆ ఊరికి ఉన్నది. 1920లో ప్రభావతీ దేవితో వివాహమైంది. ఆమె తండ్రి బ్రజకిశోర్ ప్రసాద్ చంపారన్ నాటి నుంచి గాంధీజీకి సన్నిహితులు. మరుసటి ఏడు సహాయ నిరాకరణ పిలుపు విని, పరీక్షలు దగ్గరపడిన తరుణంలో జయప్రకాశ్ పాట్నా కళాశాలకు స్వస్తి చెప్పారు. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే విద్యాలయంలో చదవరాదన్నది ఆనాటి నియమం. డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదన్న విచారణ ఆయన జీవితంలో అలా పంతొమ్మిదవ ఏటనే ప్రవేశించింది.

1922లో అమెరికా వెళ్లారు. ధనిక కుటుంబపు కుమారుడు కాడు. కాలిఫోర్నియా ద్రాక్షతోటలలో కూలిపని చేశారు, హోటళ్లలో గిన్నెలు కడిగారు. బర్క్‌లీలో ఫీజులు పెరగడంతో అయోవాకు, అక్కడి నుంచి విస్కాన్సిన్‌కు, చివరకు ఒహైయోకు మారారు. విస్కాన్సిన్‌లో మార్క్సిజం పట్టుబడింది. ఏడేళ్ల తరువాత, 1929లో, సమాజశాస్త్రంలో ఎం.ఏ. పట్టంతో స్వదేశానికి వచ్చేసరికి ఆయన సామ్యవాది. సబర్మతి ఆశ్రమంలో గాంధీజీ, కస్తూరిబాల వద్ద పెరిగిన ఇల్లాలు బ్రహ్మచర్య వ్రతధారిణి. ఆ వ్రతాన్ని ఆయన గౌరవించారు.

స్వాతంత్ర్యోద్యమ ఘట్టాలు మన పాఠకులకు పరిచితమైనవే కనుక క్లుప్తంగా చెబుతాను. 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి ఆయన కార్యదర్శి, ఆచార్య నరేంద్రదేవ్‌కు, లోహియాకు సహచరుడు. 1942 నవంబరులో దీపావళి నాటి రాత్రి మరి ఐదుగురితో హజారీబాగ్ జైలు గోడ దూకారు. నేపాల్ తరాయి అడవులలో ఆజాద్ దస్తా పేర గెరిల్లా దళానికి శిక్షణ ఇచ్చారు. 1943లో పంజాబులో రైలులో పట్టుబడి లాహోరు కోటలో చిత్రహింసలు అనుభవించారు. 1946లో విడుదలయ్యేనాటికి నెహ్రూ తరువాత యువజనులను అంతగా ఆకర్షించిన నాయకుడు లేడన్న పేరు ఆయనకు వచ్చింది. 1948లో సోషలిస్టులు కాంగ్రెస్‌ను వీడారు. 1952 ఎన్నికలలో ఘోరంగా దెబ్బతిన్నారు.

ఆ ఓటమి తరువాతి మలుపునకు మన తెలుగునేలతో సంబంధం ఉన్నది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు దానమివ్వడంతో భూదానం పుట్టింది. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న గడ్డ మీద, తుపాకికి ప్రత్యామ్నాయంగా. బీహారుకు చేరేసరికి అది మహోద్యమ రూపం దాల్చింది. 1954లో బోధ్‌గయ సర్వోదయ సమ్మేళనంలో జె.పి. తన శేషజీవితాన్నే దానమిస్తున్నట్లు ప్రకటించారు. సోషలిస్టు మిత్రులు విస్తుపోయారు. నెహ్రూ వారసుడు కాగలవాడని అనిపించుకున్న మనిషి గయ జిల్లా సోఖోదేవరా గ్రామంలో ఆశ్రమం కట్టుకొని, పశువుల పెంపకం, బావుల తవ్వకం వంటి పనులలో పడ్డారు. 1957లో పార్టీ రాజకీయాలకు పూర్తిగా వీడ్కోలు పలికారు.

1958లో ఢిల్లీ కేంద్రంగా గ్రామీణాభివృద్ధి స్వచ్ఛంద సంస్థల సంఘం ఏర్పడింది. అవార్డ్ అనే పొట్టిపేరుతో నేటికీ పనిచేస్తున్న ఈ సంస్థకు ఆయన అధ్యక్షత వహించారు. అప్పటికి సామూహికాభివృద్ధి పథకం బ్లాకు అధికారుల చేతిలో నడుస్తున్నది. దానికి అమెరికా ప్రభుత్వ సహాయం, ఫోర్డ్ ఫౌండేషన్ నిధులు దండిగా లభించాయి. జీపులు వచ్చాయి, గ్రామసేవకులు వచ్చారు, ప్రజలు మాత్రం రాలేదు. బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో చెప్పిన సారాంశం అదే. 1959లో రాజస్థాన్ తరువాత ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించింది. జె.పి. అఖిల భారత పంచాయతీ పరిషత్తుకు నాయకత్వం వహిస్తూ, అధికారం గ్రామసభ నుంచి పైకి పోవాలేగాని ఢిల్లీ నుంచి క్రిందికి జారకూడదని ఊరూరా చెప్పారు. అదే ఏట ప్రకటించిన ఒక సిద్ధాంత పత్రంలో పార్టీలు లేని ప్రజాస్వామ్యాన్ని ప్రతిపాదించారు.

ఈ ప్రతిపాదన విషయంలో ఆయనతో నేను ఏకీభవించలేను. దాని ప్రమాదం ఇరుగుపొరుగు దేశాలలోనే రుజువైంది. 1959 అక్టోబరులో పాకిస్తాన్ సైనికాధినేత అయూబ్‌ఖాన్ ప్రాథమిక ప్రజాస్వామ్యాల పేర ఒక ఏర్పాటు చేశారు. 80 వేలమంది స్థానిక ప్రతినిధులు ఎన్నికవుతారు, వారే అధ్యక్షుడికి ఆమోదం తెలుపుతారు. ఈ ఏర్పాటు గురించి జె.పి. మెచ్చుకోలుగా మాట్లాడి, ఇక్కడ తీవ్ర విమర్శకు గురయ్యారు. మరుసటి ఏడు డిసెంబరులో నేపాల్ రాజు మహేంద్ర ఎన్నికైన ప్రభుత్వాన్ని రద్దుచేసి ప్రధాని బి.పి. కొయిరాలాను ఖైదు చేశారు. కొయిరాలా క్విట్ ఇండియా ఉద్యమంలో భారత కారాగారాలు చూసిన సోషలిస్టు, జె.పి.కి ఆప్తుడు. తరువాత మహేంద్ర నెలకొల్పిన వ్యవస్థ పేరు పార్టీరహిత పంచాయతీ. జె.పి. గ్రామస్వరాజ్యం కోసం చెప్పిన మాటలను సింహాసనం తన అవసరానికి వాడుకున్నట్లయింది. నేపాల్ ప్రజాస్వామ్యవాదుల పక్షాన ఆయన చివరి వరకు నిలబడ్డారన్నది నిజమే. కాని పార్టీలను తొలగించిన చోట ఖాళీ స్థలం ప్రజలకు దక్కదని, బలవంతుడు దానిని ఆక్రమిస్తాడని ఆయన సిద్ధాంతం ముందుగా గ్రహించలేదు.

విదేశీ ధనం విషయంలోనూ ఆయనకు ఒక గట్టి దెబ్బ తగిలింది. 1950లో బెర్లిన్‌లో ఏర్పడిన సాంస్కృతిక స్వేచ్ఛా సంస్థ అంతర్జాతీయ శాఖకు గౌరవాధ్యక్షులుగా ఉన్న ప్రముఖులలో జె.పి. ఒకరు. కమ్యూనిస్టు నియంతృత్వాన్ని వ్యతిరేకించే రచయితలు, మేధావులు అందులో ఉండేవారు. దానికి అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. రహస్యంగా నిధులు సమకూర్చిందని 1966, 1967లలో అమెరికా పత్రికలే బయటపెట్టాయి. ఆ సంగతి తెలిసి జె.పి. అందులో కొనసాగారని ఎవరూ రుజువు చేయలేదు. అయినా ఆ సంబంధాన్ని ఆయన ప్రత్యర్థులు ఏనాడూ మరచిపోలేదు. ఏడేళ్ల తరువాత విదేశ హస్తం అన్న నింద మోపడానికి అది సిద్ధంగా ఉన్న సామగ్రి.

విచిత్రమేమంటే, సరిగ్గా అదే కాలంలో బీహారులో ఆయన విదేశ సహాయంతో లక్షలమంది ప్రాణాలు నిలిపే పనిలో ఉన్నారు. 1966లో వర్షాలు ముఖం చాటేశాయి. దక్షిణ బీహారులో పంట లేదు, తాగునీరు లేదు. అంతకుముందే దేశం ఆహారధాన్యాల కోసం అమెరికా వైపు చూస్తున్న దశ. 1966లో మన దిగుమతులు కోటి టన్నులు దాటాయి. అందులో అధిక భాగం పి.ఎల్. 480 క్రింద వచ్చిన గోధుమ. వియత్నాం యుద్ధంపై మన ప్రభుత్వ విమర్శలు నచ్చని అధ్యక్షుడు జాన్సన్ ఒక్కసారిగా ఇవ్వకుండా నెలల లెక్కన ఓడలను వదలుతూ వచ్చారు. ప్రభుత్వానికి ప్రభుత్వం ఇచ్చే సహాయం ఎంత బరువైనదో దేశానికి అనుభవానికి వచ్చింది.

బీహారు సహాయ సంఘానికి జె.పి. అధ్యక్షుడయ్యారు. దేశం నలుమూలల నుంచి విరాళాలు వచ్చాయి. ఆక్స్‌ఫామ్, కేర్ వంటి విదేశీ సంస్థలూ తోడ్పడ్డాయి. ఉచిత భోజనశాలలు వెలిశాయి, బడులలో లక్షలాది పిల్లలకు ఆహారం అందింది, బావులు తవ్వారు. 1967 ఏప్రిల్‌లో, ఎన్నికల అనంతరం వచ్చిన మహామాయా ప్రసాద్ సిన్హా ప్రభుత్వం, కరువు ఉన్నదని అధికారికంగా ప్రకటించింది. అంతవరకు ఆ మాట ఉచ్చరించడానికి అధికార యంత్రాంగం జంకింది. ఇక్కడ నేను గమనించిన విశేషం ఒకటి. సహాయ సంఘం తన కేంద్రాలను కులం చూడక, పార్టీ చూడక నడిపింది. పనిచేసినవారిలో సర్వోదయవారు, క్రైస్తవ సంస్థలవారు, విద్యార్థులు అందరూ ఉన్నారు. ప్రభుత్వ గిడ్డంగికి, ఆకలిగొన్న మనిషికి మధ్యనున్న దూరాన్ని ప్రజాసంస్థ పూడ్చగలదని అక్కడ ఋజువైంది. 1965లోనే మెగసెసే పురస్కారం పొందిన జె.పి.కి అంతర్జాతీయంగా మరింత పేరు వచ్చింది. ఆ సహాయంలో విదేశ హస్తాన్ని ఆనాడు ఢిల్లీలో ఎవరూ చూడలేదు.

అంతేకాదు, ప్రభుత్వానికి అవసరమైనప్పుడు ఆయన విదేశ పరిచయాలే దేశానికి ఆస్తి అయ్యాయి. 1964లో నాగా తిరుగుబాటుదారులతో కాల్పుల విరమణ కుదిర్చిన శాంతి మండలిలో బి.పి. చాలిహా, బ్రిటిష్ మతాచార్యుడు మైకేల్ స్కాట్‌లతో పాటు ఆయనా ఉన్నారు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులు లక్షలుగా వస్తున్నప్పుడు అనేక దేశాల రాజధానులకు వెళ్లి పాకిస్తాన్ సైన్యపు దురంతాలను వివరించారు. ఆ సెప్టెంబరులో బంగ్లాదేశ్‌పై అంతర్జాతీయ సదస్సు ఢిల్లీలో జరిపించారు. గాంధీ శాంతి ప్రతిష్ఠానం వంటి సంస్థలు ఆ కృషికి వెన్నుదన్నుగా నిలిచాయి. ప్రభుత్వం సంతోషించింది.

ఆయనలో మార్పు తెచ్చినది ముసహరీ అని నా అభిప్రాయం. 1970లో ముజఫర్‌పూర్ జిల్లా ముసహరీ బ్లాకులో సర్వోదయ కార్యకర్తలను చంపుతామని నక్సలైట్లు బెదిరించారు. జె.పి. తానే అక్కడికి వెళ్లి బసచేశారు. గుడిసె గుడిసెకూ తిరిగారు. తిరిగినకొద్దీ ఆయనకు కోపం వచ్చినది నక్సలైట్ల మీద కాదు. ఇంటిస్థలం మీద హక్కునిచ్చే చట్టం కాగితం దాటలేదు. కనీస వేతనం ఎవరికీ అందడం లేదు. పంచాయతీ భూస్వాముల చావడిగా మారింది. బీహారులో 20 లక్షల ఎకరాలకు పైగా భూదానం ప్రకటించగా, అందులో పెద్దభాగం పేదవాడి చేతికి చేరనే లేదు. దానంగా వచ్చినదానిలో రాళ్లూ, వివాదాలూ ఎక్కువ. హింసకు మూలం అన్యాయమేనని ఆయన బాహాటంగా వ్రాశారు. పల్లెలో బావి తవ్వితే చాలదు, పాలనను నిలదీయాలి అన్న నిర్ణయానికి వచ్చిన జె.పి.యే 1974 జె.పి.

1973 ఏప్రిల్‌లో ప్రభావతీ దేవి క్యాన్సరుతో మరణించారు. ఒంటరి అయిన మనిషి, ఎడుపదులు దాటినవాడు. మరుసటి మార్చిలో బీహారు విద్యార్థులు ధరలపై, అవినీతిపై ఆందోళన మొదలుపెట్టి నాయకత్వం వహించమన్నారు. జూన్ 5న పాట్నా గాంధీ మైదానంలో సంపూర్ణ విప్లవానికి పిలుపునిచ్చారు. నవంబరు 4న పాట్నా వీధులలో పోలీసు లాఠీలు ఆయన మీద కూడా పడ్డాయి. చిన్ననాట ఇందూ అని పిలిచిన ఇందిరాగాంధీయే ఇప్పుడు ఎదుటి పక్షం. గాంధీ సంస్థలకు విదేశీ సొమ్ము అందుతున్నదని, ఉద్యమం వెనుక సి.ఐ.ఎ. ఉన్నదని ప్రచారం ఉధృతమైంది. అదే సమయంలో సోవియట్ ధనం, అమెరికా ధనం మన పార్టీలకు అందుతున్నాయన్న ఆరోపణలు ఢిల్లీలో అన్ని దిక్కులా ఉండేవి, వాటి మీద మాత్రం విచారణ జరగలేదు. ఆయన ఉద్యమంలో లోపాలు లేవని నేను అనను. ఎన్నికైన శాసనసభను వీధి ఒత్తిడితో రద్దు చేయించవచ్చునా అన్నది న్యాయమైన ప్రశ్న. రాష్ట్రీయ స్వయంసేవక సంఘానికి ఆయన కల్పించిన గౌరవస్థానం గురించిన విమర్శకు ఆయన అభిమానుల వద్ద నేటికీ సూటి సమాధానం లేదు.

1975 జూన్ 25 సాయంత్రం రాంలీలా మైదానం సభ ముగించి, గాంధీ శాంతి ప్రతిష్ఠానంలో నిద్రిస్తుండగా అర్ధరాత్రి దాటాక ఆయనను అరెస్టు చేశారు. చండీగఢ్ ఆస్పత్రిలో నిర్బంధంలో ఉండగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నవంబరు 12న పెరోలుపై విడిచిపెట్టారు. బొంబాయి జస్లోక్ ఆస్పత్రిలో ఇక ఆజన్మాంతం డయాలిసిస్ తప్పదని తేలింది. సొంతానికి యంత్రం కొనాలంటే ఆయన వద్ద డబ్బు లేదు. మిత్రులు ప్రజలనుంచి చందాలు పోగుచేయసాగారు. ఇందిరాగాంధీ ప్రధానమంత్రి సహాయనిధి నుంచి 90 వేల రూపాయల చెక్కు పంపారు. జె.పి. దానిని వాపసు చేశారు. మనిషికి రూపాయి చొప్పున సామాన్యులు ఇచ్చే చందాతో యంత్రం కొనడమే ఆయనకు సమ్మతమైంది. ఎవరి డబ్బు పుచ్చుకోవాలన్న విషయంపై ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గాని, ఇంత స్పష్టంగా చెప్పినవారు నాకు తారసపడలేదు.

ఆ చట్టం వచ్చినది ఆ ఏడాదే. ఎన్నికలలో అభ్యర్థులు, శాసనసభ్యులు, పార్టీలు, న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులు విదేశీ విరాళం స్వీకరించరాదు. పత్రికా విలేఖరులు, కాలమిస్టులు, కార్టూనిస్టులు కూడా ఆ జాబితాలో ఉన్నారు గనుక ఈ కాలమ్ వ్రాస్తున్న నాకూ వర్తిస్తుంది. దానితో నాకు పేచీ లేదు. రాజకీయ స్వభావం గల సంస్థ ఏది అని నిర్ణయించే అధికారం ప్రభుత్వానికే ఉండడంతోనే చిక్కు వచ్చింది. ఆ సంస్థలు ముందుగా అనుమతి పొందాలి.

1976 అక్టోబరులో జె.పి. ప్రేరణతో పౌరహక్కుల ప్రజాసంఘం ఏర్పడి వి.ఎం. తార్కుండే అధ్యక్షులయ్యారు. మరుసటి ఏడు ప్రజాస్వామ్య పౌరసంస్థ అధ్యక్షుడుగా జె.పి. నియమించిన తార్కుండే సంఘం మన రాష్ట్రానికి వచ్చి, గిరాయిపల్లి మొదలైన చోట్ల అత్యవసర పరిస్థితిలో జరిగిన ఎన్‌కౌంటర్లను విచారించింది. కె.జి. కన్నబిరాన్ ఆ పనిలో కీలకపాత్ర వహించారు. ఆ నివేదికల ఫలితంగా జస్టిస్ భార్గవ కమిషన్ ఏర్పడింది, రహస్య విచారణ అనేసరికి హక్కులవారు తప్పుకున్నారు. ఏ ధనమూ, ఏ సైన్యమూ లేని మనిషి మాటకు ఒక ప్రభుత్వం జవాబు చెప్పుకోవలసి వచ్చిన సందర్భమది.

1977లో జనతా పార్టీ గెలిచింది. రాజఘాట్ వద్ద ఎం.పి.లచేత ఆయన ప్రమాణం చేయించారు. ఆ ప్రభుత్వం మీసా చట్టాన్ని రద్దు చేసింది, రాజ్యాంగాన్ని సరిచేసింది. విదేశీ విరాళాల చట్టాన్ని మాత్రం కదల్చలేదు. చేతికందిన ఆయుధాన్ని ఏ ప్రభుత్వమూ పారవేయదు కాబోలు. 1979 మార్చిలో జె.పి. మరణించారని పార్లమెంటులో పొరపాటున ప్రకటించి సంతాపం కూడా తెలిపారు, అప్పటికి ఆయన ఆస్పత్రిలో సజీవులు. జూలైలో జనతా ప్రభుత్వం కూలింది. అక్టోబరు 8న పాట్నాలో ఆయన కన్నుమూశారు.

మరణానంతరమూ విచారణ ఆగలేదు. ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చిన తరువాత, 1982లో జస్టిస్ పి.డి. కుదాల్ కమిషన్‌ను నియమించి గాంధీ శాంతి ప్రతిష్ఠానం, గాంధీ స్మారక నిధి, సర్వ సేవా సంఘం, అవార్డ్ సంస్థల లెక్కలు తవ్వించారు. 1971లో అక్కరకు వచ్చిన సంస్థలే ఇవి. కమిషన్ ఐదేళ్లు నడిచింది. 1985 సవరణతో విదేశీ విరాళం పుచ్చుకునే ప్రతి సంస్థకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. 2010లో కొత్త చట్టం వచ్చి 2011 మే నుంచి అమలైంది. బంద్, హర్తాళ్, రాస్తారోకో జరిపే సంస్థలను రాజకీయ స్వభావం గలవిగా దాని నియమాలు పేర్కొన్నాయి. క్రియాశీల రాజకీయాలతో సంబంధం లేనివాటికి ఇది వర్తించదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు పరిమితి విధించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పార్లమెంటు మరొక సవరణ చేసింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు పంచరాదు, నిర్వహణ ఖర్చులు 20 శాతం మించరాదు, సొమ్ము ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖ ద్వారా రావాలి. పెద్ద సంస్థ విరాళం తెచ్చి, పల్లెలలోని చిన్న సంఘాలకు పంచే పద్ధతికి దానితో తెరపడింది. బీహారు కరువులో అటువంటి నిబంధన ఉన్నట్లయితే ఎన్ని భోజనశాలలు నడిచేవో నేను ఊహించలేను.

పార్టీల విషయం వేరుగా సాగింది. ఒక విదేశీ గనుల కంపెనీకి చెందిన సంస్థల నుంచి విరాళాలు పుచ్చుకొని కాంగ్రెస్, భారతీయ జనతా పార్టీ రెండూ 1976 చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2016లో ఆర్థిక బిల్లు ద్వారా విదేశీ వనరు అన్న మాటకు నిర్వచనం మారింది, ఆ మార్పును 2010 నుంచి వర్తింపజేశారు. కాని కేసు అంతకు ముందటి సంవత్సరాలది. 2018లో మళ్లీ ఆర్థిక బిల్లులోనే ఒక చిన్న సవరణ చేర్చి, ఆ మార్పు 1976 ఆగస్టు 5 నుంచే అమలులో ఉన్నట్లు భావించాలన్నారు. సభలో గందరగోళం జరుగుతుండగా ఆ బిల్లుకు లోక్‌సభ చర్చ లేకుండా ఆమోదం తెలిపింది.